రోజూ పెరిగే నూనె

నందికొండ క్యాంపు,
12 డిసెంబరు 1961

ప్రియమైన చెన్నయ్యా,

సలాం. ఈ కవరు చూడగానే "దస్తగిరికి పని పడితేనే నేను గుర్తొస్తాను" అని వదినతో అని ఉంటావు. నిజమే, పని పడింది. అది చివర చెబుతాను. ముందు మీ తమ్ముడి సంగతి.

పర్వతాలు బాగున్నాడు. వేళకు తింటున్నాడు. నా గదిలోనే ఉంటున్నాడు. నీకూ వాడికీ మధ్య పుట్టిన ఇద్దరినీ మట్టిలో పెట్టిన తల్లి మీ అమ్మ. ఆ తల్లి చేతుల్లోంచి వాణ్ణి తీసుకొచ్చేటప్పుడు "ఎలా తీసుకెళ్తున్నానో అలాగే తెచ్చి అప్పజెప్తాను" అని మాటిచ్చాను. ఆ మాట నాకు రోజూ గుర్తుంటుంది. ఆనకట్ట పనిలో ఇంతమంది డ్రైవర్లుండగా కొత్త యంత్రాన్ని వాడి చేతికే ఇచ్చారు. అమ్మకు చెప్పు, సంతోషిస్తుంది.

ఇక పని. ఆ కొత్త యంత్రం మట్టి తోసేది. ముందు గోడంత రేకు, కింద చక్రాలకు బదులు ఇనుప పట్టీలు. మనం లారీ షెడ్డులో ఎన్నడూ చూడనిది ఒకటి దీనికి ఉంది. ఇంజన్ పక్కన చిన్న పంకా. టర్బో అంటారు. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. ఇరుసు నా చిటికెన వేలంత లావు. నిమిషానికి ఎన్నో వేల చుట్లు తిరుగుతుందట. దాని కింద గోలీల బేరింగు లేదు. ఉత్త నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది.

ఆ నూనె ఇంజన్ నూనే, వేరే కాదు. స్టోరులో మూడు రకాల పీపాలున్నాయి. పది, ముప్పై, నలభై. నెంబరు పెరిగేకొద్దీ చిక్కన అని నీకు చెప్పనక్కర్లేదు. లారీలకైతే కళ్లు మూసుకుని పోసేవాళ్లం. దీనికి భయంగా ఉంది. పలచనిది పోస్తే మన ఎండకు నీళ్లై పొర తెగుతుంది. చిక్కనిది పోస్తే పొద్దున చల్లటి ఇంజన్ మొదలవగానే సన్న గొట్టం దాటి ఇరుసు దాకా వేళకు చేరదు. చేరేలోపు ఇరుసు ఎండుగా ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆలోచించు. మనకు పని నేర్పిన ఉస్తాద్ అబ్దుల్ ఖాదర్ ఉంటే అడిగేవాణ్ణి. ఆయన పోయాక అడగడానికి నువ్వే మిగిలావు. ఏ నెంబరు పోయమంటావు?

ఇంకొకటి, నవ్వకు. ఈ యంత్రం ఏడుస్తుంది. ఇంజన్ ఆపాక కూడా ఆ పంకా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు సన్నటి కూత ఒకటి మొదలై, సాగి, దిగి, చివర వెక్కిళ్లలా తెగుతుంది. మేము తవ్వేది ఏటిగడ్డ అనే ఊరి పక్కన. రేపు నీళ్లొస్తే మునిగే ఊరు. జనం పోయిన ఎండాకాలమే వెళ్లిపోయారు. పోతూ తలుపులు, దూలాలు విప్పుకుపోయారు. గోడలే ఉన్నాయి. కూత ఆ గోడల్లో పడి తిరిగొస్తుంటే యంత్రం కాక ఏదో ఇల్లు ఏడుస్తున్నట్టుంటుంది. ఆ ఇళ్లలో ఒక దాని గడప మాత్రం రోజూ అలికి, ముగ్గు వేసి కనిపిస్తోంది. కాపలా ఐలేశాన్ని అడిగితే ఊళ్లో నరపురుగు లేదంటాడు.

త్వరగా రాయి. అమ్మకు నా సలాములు.

నీ జవాబు కోసం పీపాల మధ్య నిలబడి ఉన్న,
దస్తగిరి

*

కోస్గి,
3 జనవరి 1962

ప్రియమైన దస్తగిరీ,

మూడు పేజీలు రాసి ఒక్క నెంబరు అడిగావు. జవాబు: నలభై. ఉత్తరం ఇక్కడితో ఆపేయొచ్చు గానీ స్టాంపు అంటించాను కాబట్టి మిగతాది కూడా చదువు.

ఉస్తాద్ ఏమనేవాడు? "ఎండను జూసి నూనె పొయ్యాలె బేటా, బండిని జూసి కాదు." ఎన్నిసార్లు అన్నాడు? వేలికీ బొటనవేలికీ మధ్య నూనె పట్టి, కళ్లు మూసుకుని, ఇది ఏ నెంబరో చెప్పమని మనిద్దర్నీ ఎండలో నిలబెట్టేవాడు. నువ్వు తప్పు చెప్పినప్పుడల్లా నా వీపు కూడా పగిలేది. అదంతా మరిచిపోయి ఇప్పుడు సన్న గొట్టమని, చల్లటి పొద్దని లెక్కలు చెబుతున్నావు. దొర దేశపు యంత్రమైతే మాత్రం మన ఎండకు దండం పెట్టక పోతుందా. నలభై పొయ్యి. పోసి, ఉస్తాద్‌ను తలుచుకుని ఒక బీడీ కాల్చు.

ఏ చెట్టూ లేని ఊళ్లో ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్టు కోస్గిలో నేనే పెద్ద మెకానిక్‌ని. షెడ్డు ముందు నీళ్లు తోడే ఇంజన్లు వరుసలో ఉన్నాయి. ఈసారి వాన తక్కువైనా ఆముదాలు బాగా పండాయి. అమ్మ పొద్దంతా గింజలు వేయించి, దంచి, ఉడకబెడుతోంది. ఇల్లంతా ఆ వాసనే. ఎండకు తల మాడకుండా రాసుకోవడానికి నీకూ ఒక సీసా కట్టిస్తానంది.

నీ ఉత్తరంలో యంత్రం ఏడ్చే భాగం ఆమె రెండుసార్లు చదివించుకుంది. "ఏడ్చే ఇరుసును ఇనుకుంట ఎట్ల గూసున్నరు బిడ్డ? గాడ ఆడోళ్లు ఎవ్వలు లేరా?" అంది. అది బండి కాదమ్మా అని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమెకు ఫికరంతా చిన్నవాడి మీదే. వాణ్ణి రెండు ముక్కలు రాయమను. చేతులు మట్టి తోయడానికే పుట్టాయా?

నలభై. మరిచిపోకు.

నీ వీపులో సగం దెబ్బలు పంచుకున్న,
చెన్నయ్య

*

నందికొండ క్యాంపు,
9 ఫిబ్రవరి 1962

ప్రియమైన చెన్నయ్యా,

నువ్వు చెప్పినట్టే నలభై పోశాను. బీడీ కూడా కాల్చాను. నెల రోజులు యంత్రం ఏ పేచీ లేకుండా పని చేసింది. రాయడం ఆలస్యమైంది అందుకే.

ఇప్పుడు రాస్తున్నది జాగ్రత్తగా చదువు. ఇంజన్‌లో నూనె పెరుగుతోంది.

తగ్గడం లోకరీతి. ఏ ఇంజనైనా కాస్తో కూస్తో తాగుతుంది, మనం పోస్తాం. ఇది పెరుగుతోంది. సాయంత్రం కొలకర్ర మీద గీత గీసి పెడతాను. పొద్దున తీస్తే తడి ఆ గీతకు పైన ఉంటుంది. ఎక్కువ కాదు, గడ్డిపరక మందం. అయిదు రోజులు చూశాను. అయిదు రోజులూ పెరిగింది. ఆరో రోజు కొంత తీసి పారబోశాను. మళ్లీ పెరిగింది.

డీజిల్ కలుస్తోందేమో అనుకున్నాను. అలా అయితే పలచబడాలి, వాసన కొట్టాలి. ఇది పొద్దున వేళ్ల మధ్య పాకంలా సాగుతోంది. డీజిల్ వాసన లేదు. ఏదో ఇంటి వాసన ఉంది. ఎప్పుడో ఎరిగినదే, కాలిన ఇంజన్ కంపులో దాని పేరు మాత్రం పట్టుకోలేకపోతున్నాను. ఐలేశాన్ని గట్టిగా అడిగాను. "మల్లన్న మీద ఒట్టు సారు, మనుషులెవ్వలు రాలే" అన్నాడు. తాగే మనిషి కాడు. కునుకు కూడా తీయలేదంటాడు, నమ్మాను.

నిన్న పొద్దున యంత్రం ఎక్కే మెట్టు మీద కుంకుమ బొట్టు ఉంది. వేలు పెట్టి చూస్తే తడిగా ఉంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఆ ఒక్క ఇంటి గడప మీద ముగ్గు అప్పుడే వేసినట్టు తెల్లగా ఉంది. నేను భయస్థుణ్ణి కానని నీకు తెలుసు. నిన్న మాత్రం ఆ గడప వైపు వీపు పెట్టి పని చేయలేకపోయాను.

కూత కూడా మారింది. ఇంతకు ముందు ఆపాక ఏడ్చేది. ఇప్పుడు పొద్దున మొదలుపెట్టగానే ఒకసారి, ఆపాక ఒకసారి. ఏడుపు పొడుగైంది.

పర్వతాలు విషయం దాచలేను. ఇలాంటి ఇంజన్‌ను ఆపే ముందు కాసేపు నెమ్మదిగా నడవనివ్వాలి. పంకా వేగం తగ్గాకే ఆపాలి, లేకపోతే నూనె రాక ఇరుసు కాలుతుంది. వాడికి నేనే నేర్పాను. ఇప్పుడు వాడు ఒక్కసారిగా ఆపేస్తున్నాడు. ఆపి, దిగకుండా కళ్లు మూసుకుని కూర్చుంటున్నాడు. ఎందుకురా అని గద్దించాను. "గట్ల ఆపితే ఎక్కువసేపు ఏడుస్తది అన్నా. జర ఇనరాదు. చిన్నోడా, చిన్నోడా అంటది" అన్నాడు.

వాణ్ణి అలా పిలిచేది మీ అమ్మ ఒక్కతే కదా. ఇంటి మీద బెంగ అనుకుంటున్నాను. అనుకుంటూనే నేనూ విన్నాను. వాడు చెప్పాక నాకూ అలాగే వినిపించింది.

ఏం చేయాలో రాయి.

నీ,
దస్తగిరి

*

కోస్గి,
18 ఫిబ్రవరి 1962

ప్రియమైన దస్తగిరీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నాను. తర్వాత రెండోసారి చదివాను, అంత నవ్వు రాలేదు. అయినా ఒక్కొక్కటే చెబుతాను, విను.

నూనె పాకంలా సాగుతోందంటావు. పోసింది నలభై కదయ్యా. మాఘమాసపు చలికి నలభై పాకంలా సాగక పన్నీరులా పారుతుందా? పలచనిది పోసి చిక్కగా ఉందని రాస్తే ఈ పాటికి నేను బస్సెక్కి వచ్చేవాణ్ణి. చిక్కనిది పోసి చిక్కగా ఉందని రాస్తే ఏమనమంటావు?

పెరగడం అంటావా, యంత్రం వాలు నేల మీద నిలబెడుతున్నావు. సాయంత్రం ఒక వాలు, పొద్దున ఒక వాలు. సమంగా ఉన్న చోట నిలిపి కొలువు. బొట్టు సంగతికి భయపడ్డావంటే నాకు సిగ్గేస్తోంది. మన ఆడవాళ్లు గడ్డపారకూ పెడతారు, రోలుకూ పెడతారు. కూలికొచ్చిన తల్లి ఎవరో పెట్టి ఉంటుంది.

కానీ తమ్ముడి మాట నాకు నచ్చలేదు. ఆ భాగం అమ్మకు చదవలేదు. చదివినట్టు నటిస్తూ వేరే చెప్పాను. ఆమె నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది, తర్వాత లేచి వాడి చొక్కా ఒకటి ఉంటే తీసి ఉతికింది. ఉతికిన చొక్కానే మళ్లీ ఉతికింది. వాడు ఆమెకు ఆఖరి పిల్లవాడు దస్తూ. నాకు అన్నం పెడుతూ కూడా వాడు తిన్నాడో లేదో అంటుంది.

శివరాత్రికి వాణ్ణి పంపెయ్యి. సెలవు ఇవ్వకపోతే పని మానిపించి పంపు. నా షెడ్డులో ఇంజన్లున్నాయి, అవి ఏడవవు.

నీకు ధైర్యం చెబుతూ తనకు అది లేకుండా పోయిన,
చెన్నయ్య

*

నల్లగొండ,
3 మార్చి 1962

ప్రియమైన చెన్నయ్యా,

పర్వతాలు బతికే ఉన్నాడు. ఈ మాట ముందు చదివి, కూర్చుని, మిగతాది చదువు. నల్లగొండ దవాఖానలో ఉన్నాడు. ఎడమ చెయ్యి కాలింది. ముఖం ఒక పక్క కాలింది. తలంతా కట్లు కట్టారు. ప్రాణానికి భయం లేదన్నారు.

ఇరవై ఏడో తారీఖు, మధ్యాహ్నం అన్నాల వేళ. వాడు ఎప్పటిలాగే ఒక్కసారిగా డీజిల్ బంద్ చేశాడు. ఇంజన్ ఆగలేదు. నేను యాభై అడుగుల దూరంలో ఉన్నాను. ఒక క్షణం తగ్గినట్టే తగ్గి, మళ్లీ లేచింది. డీజిల్ లేదు, అయినా లేచింది. తెల్లటి పొగ కమ్మేసింది. పంకా ఇరుసు అరిగిపోయి ఉంది, నూనె దాని సందుల్లోంచి గాలితో పాటు ఇంజన్‌లోకి పోతోంది. డీజిల్ ఇంజన్‌కు ఏ నూనైనా తిండే. తన నెత్తురు తానే తాగుతూ పరిగెత్తింది. కూత మనిషి గొంతు దాటిపోయింది. కూలీలు చెవులు మూసుకుని పడిపోయారు.

క్లచ్ పట్టేసింది, విడలేదు. యంత్రం ముందుకు ఉరికింది. దూకమని అరిచాను. వాడు దూకలేదు. ఎదురుగా ఆ ఇల్లుంది. ముగ్గు వేసి ఉండే ఆ గడపలో ఒక ముసలామె నిలబడి ఉంది. నేను నా కళ్లతో చూశాను. ఖాళీ ఊళ్లో, ఆ పొగలో, కదలకుండా నిలబడి ఉంది. వాడు రెండు చేతులా లీవర్లు గుంజి యంత్రాన్ని పక్కకు తిప్పాడు. ఇంటి మూల కూలింది. గడప మిగిలింది.

నేను ఒక గొల్లాయన గొంగడి గుంజుకుని నీళ్ల పీపాలో ముంచి, యంత్రం వెంట పరిగెత్తి, గాలి పీల్చే మూతిలో కుక్కాను. గొంగడిని నా చేతుల్లోంచి లోపలికి లాగేసుకుంది. ఇంజన్ ఊపిరాడక ఆగింది. ఆగే ముందు పంకా పగిలింది, వాడి తల పక్కనే.

ఆ నిశ్శబ్దంలో ముసలామె నడిచొచ్చింది. పేరు గోపమ్మ. ఏటిగడ్డ ఆడపడుచే. కొత్త కాలనీలో ఇల్లిచ్చినా రోజూ పొద్దు పొడిచేసరికి నడిచొచ్చి తన పాత గడప అలికి ముగ్గు వేసి పోతుంది. ఇల్లు మునిగే దాకా గడప పాడుబడకూడదట. ఆమె చేతిలో సోలెడు ఆముదం ఉంది.

"మా గడప ముంగట ఏడ్చుకుంట పొయ్యే బండిని ఊకె పోనియ్యం బిడ్డా" అంది. "పొద్దుగాల వచ్చినప్పుడల్లా ఇంత పోసిన. ఎంత పోసినా దాని ఏడుపు నిలువకపాయె. ఇయ్యాల రెండోసారి తెచ్చిన."

నేను నూనె పోసే మూత ఎక్కడుందో ఆమె తన గడపలోంచి రోజూ చూసింది. బొట్టు పెట్టి, మూత తీసి, పోసి, మళ్లీ బిగించింది. ఎవరికీ చెప్పలేదేమని అడిగాను. చెప్పి పోస్తే పుణ్యం ఉండదంది. ఐలేశాన్ని చొక్కా పట్టుకుని అడిగాను. "ముసలామె గద సారు, మనుషులెవ్వలు రాలే అన్న" అన్నాడు. వాడి లెక్కలో ఆమె మనిషి కాదు.

విప్పి చూశాను. ఆముదం వేడికి జిగురై, పంకాకు పోయే సన్న గొట్టంలో తేనె గడ్డలా పేరుకుంది. ఇంటి వాసన అన్నాను కదా. మీ ఇంటి వాసనే.

క్యాంపులో విచారణకు పిలిచారు. వెళ్లి రావాలి. శివరాత్రికి పంపలేకపోయాను, క్షమించు.

నీ,
దస్తగిరి

*

కోస్గి,
11 మార్చి 1962

దస్తగిరీ,

నల్లగొండ వచ్చాను. రెండు రోజులు వాడి పక్కన కూర్చున్నాను. నువ్వు విచారణకు పోయావన్నారు. నువ్వు తిరిగొచ్చే లోపే బయల్దేరాను. నీ ముఖం చూడలేక వచ్చేశాను, కోపంతో కాదు.

వాణ్ణి పిలిచాను, పలకలేదు. కట్ల వల్ల వినపడలేదేమో అనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు.

ఆ నలభై చెప్పింది నేను. చిక్కటి నూనె పోయించి ఆ ఇరుసును మొదటి రోజు నుంచే ఎండగట్టింది నేను. అది ఏడిస్తే ఆ తల్లి పోసింది. ఆమె చేసిన దాంట్లో తప్పేముంది, మా అమ్మ చెయ్యదా? మా వాకిట్లో కీచుమంటూ పోయే ఏ బండినీ ఆమె ఆముదం పోయకుండా పోనివ్వదు. అయినా నువ్వు పాకంలా సాగుతోందని రాస్తే నాకు తట్టలేదు. నలభై కదా అని నవ్వాను. నా నెంబరు మీద నాకంత గర్వం. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కాలింది కూడా నా చేతులు కావు.

విచారణలో నా పేరు చెప్పు. కోస్గి చెన్నయ్య చెబితే పోశానని రాసివ్వు. షెడ్డు మూసేశాను. ఊళ్లో ఇంజన్లు వెనక్కి పంపేశాను. వేలికీ బొటనవేలికీ మధ్య ఇక నూనె పట్టను. అమ్మకు కాలిన గాయాలని మాత్రం చెప్పాను. నేను చెప్పిన నూనె అని చెప్పలేదు. ఆమె వండిన అన్నం తినలేకపోతున్నాను.

చెన్నయ్య

*

నల్లగొండ దవాఖాన,
2 ఏప్రిల్ 1962

ప్రియమైన చెన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు. ఈ జవాబు ఆరుసార్లు రాసి చింపాను. ఇది ఏడోది. చింపే ధైర్యం కూడా అయిపోయింది కాబట్టి పంపిస్తున్నాను.

నేను నలభై పోయలేదు.

డిసెంబరులో నీకు రాసిన వారానికే ఇంజనీరు యంత్రం తాలూకు పుస్తకం తెరిచి, ఆ పేజీ నాకు తెలుగులో చెప్పాడు. ఈ పంకా ఉన్న ఇంజన్‌కు మన ఎండలోనైనా ముప్పై చాలు, అంతకన్నా చిక్కనిది వద్దని ఉంది. నాకూ అదే సబబనిపించింది. ముప్పై పోశాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. ఉస్తాద్ మాట, మన దెబ్బలు, బీడీ, అన్నీ ఉన్నాయి అందులో. నీ మాట కన్నా, ఆయన మాట కన్నా ఒక పుస్తకాన్ని నమ్మానని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని నలభై పోశానని రాశాను. అంత చిన్న అబద్ధం ఎవరికి చెడుపు చేస్తుందిలే అనుకున్నాను.

నువ్వేం రాశావో గుర్తుందా? పలచనిది పోసి చిక్కగా ఉందంటే బస్సెక్కి వచ్చేవాణ్ణి అన్నావు. నేను పోసింది పలచనిదే. చిక్కగానే ఉంది. ముప్పై పోశాను, పాకంలా సాగుతోంది, ఇంటి వాసన వస్తోంది అని ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే, అప్పుడే ఆముదం వండుతున్న మీ అమ్మ పక్కన కూర్చుని చదివే నీకు ఒక్క క్షణం పట్టేది కాదు. ఆ ఉత్తరం చదివిన రోజే మాట పంపేవాడివి. ప్రమాదానికి ఇంకా తొమ్మిది రోజుల వ్యవధి ఉంది, తారీఖులు వేసి చూశాను. నీ ఉత్తరం చదువుకుని, నా అబద్ధానికి నువ్విచ్చిన సమాధానంతో నేనే ధైర్యం తెచ్చుకున్నాను. నలభై చలికి అలాగే ఉంటుందని నువ్వన్నావు కదా అని, అందులో ఉన్నది ముప్పై అని తెలిసి కూడా ధైర్యం తెచ్చుకున్నాను. భయపడ్డ మనిషి ఎంత మూర్ఖుడవుతాడో నాకు ఇప్పుడు తెలుసు.

విచారణలో నీ పేరు చెప్పలేదు, చెప్పడానికి నీ తప్పేమీ లేదు. గోపమ్మ పేరూ చెప్పలేదు. నూనె రోజూ పెరుగుతోందని తెలిసి కూడా యంత్రం నడవనిచ్చింది నేనేనని రాసిచ్చాను. పని మానేశాను. యంత్రాన్ని విప్పి ముక్కలు చేసి షెడ్డులో పారేశారు.

ఇప్పుడు అసలు మాట. పోయిన సోమవారం పర్వతాలుకి కట్లు విప్పారు. చెయ్యి పనికొస్తుంది. చూపు బాగుంది. చెవులు పోయాయి, రెండూ. ఇక రావన్నారు. నువ్వు పిలిచినప్పుడు పలకకపోవడానికి కారణం కట్లు కావు.

పలక మీద రాసి మాట్లాడుతున్నాను. ఆముదం సంగతి, నా అబద్ధం సంగతి అన్నీ రాశాను. ఓపికగా చదివాడు. కోపం లేదు. అది నన్ను ఇంకా భయపెడుతోంది. పక్క మంచాల వాళ్లు ఉలిక్కిపడేంత గట్టిగా అన్నాడు: "గది ఇంక పిలుస్తనే ఉంది అన్నా. నీకు ఇనొస్తలేదా?" యంత్రం ముక్కలైందిరా, అక్కడ ఏదీ లేదని రాశాను. చదివి నవ్వాడు. "యంత్రం కాదన్నా, అమ్మ" అన్నాడు. అరచేత్తో పలక తుడిచి, తల ఒక పక్కకు వంచి, వింటూ కూర్చున్నాడు. పొద్దంతా అలాగే కూర్చుంటాడు. మధ్యలో "ఆఁ, వస్తున్న" అంటాడు. ఆ వార్డులో వాడి మంచం పక్క మంచాలు రెండూ ఖాళీ అయ్యాయి. రోగులు మారిపోయారు.

వాణ్ణి పిలుస్తున్న గొంతు వాడి చెవుల్లో ఉండిపోయింది. రేపు మీ అమ్మ నిజంగా నోరు తెరిచి పిలిస్తే వాడికి వినపడదు. ఇది ఆమెకు నువ్వు ముందే చెప్పాలి. వెనక నుంచి పిలవొద్దను. ఎదురుగా నిలబడి, ముఖం చూపించి, చెయ్యి పట్టుకోమను. వాడు ఇంకెటో చూస్తూ "ఆఁ" అంటే భయపడొద్దను.

గురువారం పొద్దున బస్సుకు వాణ్ణి తీసుకొస్తున్నాను. ఎలా తీసుకెళ్లానో అలాగే అప్పజెప్తానని అమ్మకు మాటిచ్చాను. అలా అప్పజెప్పలేను. అయినా నేనే అప్పజెప్పాలి. ఆ తర్వాత నువ్వు ఏమన్నా పడతాను, కొట్టినా పడతాను. మీ ఇంట్లోకి రమ్మని అనకు, నేను రాను.

షెడ్డు మాత్రం తెరువు. వాడికి పని కావాలి. వాడి చేతులు బాగున్నాయి. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు.

నీ మాట వినకుండానే విన్నానని రాసిన,
దస్తగిరి